శబ్దాన్ని మింగిందెవరు?

గాల్లోకంటే నీళ్లలో శబ్దం నాలుగు రెట్లకుపైగా వేగంగా వెళ్తుంది. మరి ఎంత దూరం వెళ్తుంది? అది మాత్రం ఆ నీళ్లలో ఏమేం కలిశాయన్నదాన్ని బట్టి ఉంటుంది. రెండో ప్రపంచయుద్ధం నాటి నౌకాదళాలకు ఇదే పెద్ద చిక్కయి కూర్చుంది.

నీళ్లలో మునిగి ఉన్న శత్రువుల జలాంతర్గామిని కనిపెట్టడానికి సోనార్ ముఖ్య సాధనం. అది నీళ్లలోకి శబ్దాన్ని వదిలి, తిరిగొచ్చే ప్రతిధ్వనిని వింటుంది. తీరా కొలిచి చూస్తే, సోనార్ వాడే కీచు శబ్దాలను సముద్రపు నీరు మంచినీటికన్నా సుమారు 30 రెట్లు ఎక్కువగా మింగేస్తోంది. ప్రతిధ్వని రాకపోతే పొంచి ఉన్న ముప్పు తెలిసేదెలా?

అనుమానం ముందు ఉప్పు మీదికే పోతుంది. లీటరు సముద్రపు నీటిలో దాదాపు 35 గ్రాముల లవణాలుంటే, వాటిలో మూడొంతులకుపైగా మన వంటింటి ఉప్పే. కానీ విచిత్రం... ఈ పాపంలో దానికి వాటా లేదు! అసలు దొంగ మెగ్నీషియం సల్ఫేట్. మందుల షాపుల్లో ఎప్సమ్ సాల్ట్ పేరుతో దొరికేది అదే.

శబ్దమంటే నీటిని నొక్కుతూ, వదులుతూ సాగే అల. నీళ్లలో కరిగిన మెగ్నీషియం, సల్ఫేట్ అయాన్లు కొన్ని జతకట్టి ఉంటాయి. అల నొక్కినప్పుడు కొన్ని జంటలు విడిపోతాయి, వదిలినప్పుడు మళ్లీ కలుస్తాయి. అయితే వెంటనే కాదు, లిప్తపాటు ఆలస్యంగా! భజనలో ఒకరి తాళం వెనకబడితే పాట ఊపు తగ్గినట్టే, ఈ ఆలస్యంవల్ల అల శక్తి కొంత వేడిగా మారిపోతుంది. ఈ గుట్టు విప్పినవారిలో జర్మనీ శాస్త్రవేత్త మన్‌ఫ్రెడ్ ఐగెన్ ముఖ్యుడు. అతివేగంగా జరిగే రసాయన చర్యలపై పరిశోధనకు 1967లో ఆయన మరో ఇద్దరితో కలిసి నోబెల్ అందుకున్నారు.

తిమింగలాల పిలుపుల్లాంటి మంద్రస్వరాల దగ్గర దొంగ మారుతుంది. ఇక్కడ బోరిక్ ఆమ్లం వంతు. క్యారమ్ బోర్డు మీద చల్లే పౌడర్ ఇదే! లీటరు సముద్రపు నీటిలో ఉండేది పాతిక మిల్లీగ్రాములే కాబట్టి మింగేదీ తక్కువే. అందుకే 1991లో హిందూ మహాసముద్రంలోని హెర్డ్ దీవి దగ్గర వదిలిన మంద్రధ్వని అమెరికా రెండు తీరాల దాకా వినిపించింది.

మనం గాల్లోకి వదిలే కార్బన్ డై ఆక్సైడ్‌వల్ల సముద్రాల ఆమ్లత్వం పెరుగుతోంది. దాంతో బోరిక్ ఆమ్లం శబ్దాన్ని మింగే శక్తి తగ్గుతోంది. అంటే ఓడల రొద మరికొంత దూరం వెళ్తుందన్నమాట. ఈ తేడా స్వల్పమేనని తర్వాతి లెక్కలు చెబుతున్నా, ఓడల రొద, తిమింగలాల పిలుపు ఒకే స్థాయి శబ్దాలు. ఆ రొదలో తోటి తిమింగలం పిలుపు కలిసిపోతే, వెతుక్కోవడం వాటికి కష్టమవుతుంది.