నడుస్తుంది గదా, ఎందుకు గెలుకుడు?

మిర్యాలగూడ మిల్లులో కాంటా లెక్కలు రాసే సర్వర్ కానీ, సూర్యాపేట దవాఖానాలో మరీజుల హిసాబ్ ఉంచే సర్వర్ కానీ, కోదాడ కాలేజీలో ఫీజుల సర్వర్ కానీ, అప్‌డేట్ సంగతి ఎత్తితే మాలిక్‌ల జవాబు ఒక్కటే: "నడుస్తుంది గదా భాయ్, ఎందుకు గెలుకుడు?"

ఈ మాటలో సగం అఖల్, సగం ఖతరా. అప్‌డేట్ అనే ఒక్క పేరుతో మనం రెండు వేరే పనులను పిలుస్తున్నం. ఉబుంటు 22.04.4 నుంచి 22.04.5కి పోవడం చిన్న పని, కప్పు మీద పగిలిన పెంకు మార్చినట్టు. గోడలు అవే, దర్వాజా అదే. 22.04 నుంచి 24.04కి పోవడం, సెంటాస్ 7 నుంచి అల్మా లినక్స్ 9కి పోవడం మకాం మార్చినట్టు. సామాను కొత్త ఇంట్లో పడుతుందో లేదో ముందే కొలుచుకోవాలె.

పెద్ద పనికి డరడం జాయిజే. 2014లో వచ్చిన సెంటాస్ 7లో పీహెచ్‌పీ 5.4 ఉండె. అప్పటి బిల్లింగ్ ప్రోగ్రాములు ఎన్నో పాత మైఎస్‌క్యూఎల్ ఫంక్షన్ల మీద రాసినవి. పీహెచ్‌పీ 7లో వాటిని తీసేసిన్రు. ప్రోగ్రాం మార్చకుండా సర్వర్ మారిస్తే తెల్లారి బిల్లు రాదు, మున్షీ మళ్లీ పుస్తకం తీయాలె.

నా షికాయత్ వేరే. పెద్దదానికి డరి చిన్నది కూడా బంద్ పెడుతున్నం. 2017 మేలో వాన్నాక్రై వైరస్ 150 దేశాల్లో కంప్యూటర్లకు తాళాలేసింది. ఆంధ్రప్రదేశ్ పోలీసుల కంప్యూటర్లకూ దెబ్బ తగిలింది. దాన్ని ఆపే మరమ్మతు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే ఇచ్చింది. దెబ్బ తిన్న మిషన్లలో ఎక్కువ విండోస్ 7వి. వాటికి మకాం మార్చే పనే లేకుండె, ఒక్క పెంకు వేస్తే చాలు. రెండు నెలల మొహలత్ చేతిలో ఉండంగనే నుక్సాన్ అయ్యింది.

"చిన్నవీ ముంచుతయ్ గదా" అంటారా? నిజమే. 2024 జూలై 19న క్రౌడ్‌స్ట్రైక్ పంపిన ఒక్క ఫైల్‌తో సుమారు 85 లక్షల విండోస్ మిషన్లు పడిపోయినయ్. శంషాబాద్‌లో బోర్డింగ్ పాసులు చేత్తో రాసిచ్చిన్రు. అది ఆపరేటింగ్ సిస్టం అప్‌డేట్ కాదు, హిఫాజత్ కోసం పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌ది. అయినా సబఖ్ మనకూ పనికొస్తది: అన్ని మిషన్లకూ ఒకేసారి పెట్టొద్దు. ముందు ఒకదానికి పెట్టి, ఒక రోజు చూసి, తర్వాత మిగతావాటికి పెట్టాలె. దానికి ముందు బ్యాకప్ తీయాలె, తీసిన బ్యాకప్ తిరిగి తెరుచుకుంటుందో చూడాలె.

మరి పెద్ద పని ఎప్పుడు? సెంటాస్ 7 మియాద్ 2024 జూన్ 30న ఖతం అయ్యింది. ఉబుంటు 20.04 మామూలు మియాద్ 2025 మేలో తీరింది. మియాద్ తీరినంక, విడిగా పొడిగించుకుంటే తప్ప, చిన్న మరమ్మతులు రావు. మకాం మార్చేది కొత్త హంగుల షోఖ్‌కు కాదు, పెంకులు దొరికే దారి మూసుకుపోకుండా ఉండడానికి.

అందుకే తారీఖు మనమే ముందు పెట్టుకోవాలె. మిల్లుకైతే వానాకాలం, యాసంగి వడ్లు వచ్చే రోజుల్లో ముట్టొద్దు, ఫిబ్రవరిలోనో ఆగస్టులోనో చేయాలె. కాలేజీకైతే అడ్మిషన్లు, పరీక్షలు అయినంక. దవాఖానాకు సీజన్ లేదు కాబట్టి పాత సర్వర్ పక్కనే కొత్తది నిలబెట్టి, వారం పది రోజులు అసలు లెక్కలతో పరఖ్ చేసి, అప్పుడు మారాలె. పాతదాన్ని వెంటనే తుడిచేయొద్దు.

మాలిక్‌లకు ఒక మాట. సర్వర్ నడిచినన్ని రోజులు దాన్ని చూసుకునే పిల్లగానికి ఒక పూట టైం ఇయ్యరు, ఆగిపోతే రాత్రి రెండింటికి ఫోన్ చేస్తరు. ఇది ఇన్సాఫ్ కాదు. అందులో ఉన్నది రైతు తూకం, మరీజు రిపోర్టు, తల్లిదండ్రులు కట్టిన ఫీజు. అవన్నీ పరాయివాళ్ల అమానత్. ఈ వారమే ఆ పిల్లగాన్ని రెండు సవాళ్లు అడగండి: మన సర్వర్ ఏ వర్షన్, దాని మియాద్ ఎప్పటిదాకా? జవాబు విన్నంక అతనికి కావాల్సిన టైం, ఖర్చు ఇయ్యండి.