మోకు విప్పేముందు తలలు లెక్కపెట్టాలి

అమెరికాలో కొడుకు దగ్గర ఆరు నెలలు వుండి మా వూరి రైతు దంపతులు ఈ మధ్యనే తిరిగి వచ్చారు. వున్నన్నాళ్ళలో కొడుకు వాళ్ళను మయామీ రేవులో ఒక పెద్ద విహార నౌక ఎక్కించి నాలుగు రోజులు సముద్రం మీద తిప్పి తెచ్చాడట. వారం రోజులుగా రామాలయం అరుగు మీద ఆ కబుర్లే. ఓడ ఎన్ని అంతస్తులు, అందులో ఈతకొలను ఎలా వుంటుంది, రోజుకు ఎన్నిసార్లు తిండి పెడతారు, మన అన్నం దొరుకుతుందా అని అందరూ అడుగుతున్నారు. నేను మాత్రం "ఎలా ఎక్కించారు బాబాయ్?" అని అడిగాను. అక్కడున్నవాళ్ళు నవ్వారు.

"ఎక్కడమేముందిరా, ఇంటి దగ్గరే ఎక్కేశాం" అన్నాడాయన. మాట చమత్కారంగా వున్నా అందులో అబద్ధం లేదు. ప్రయాణానికి మూడు వారాల ముందే కొడుకు తెల్లగోడ ముందు ఇద్దరినీ నిలబెట్టి ఫోనుతో ఫోటోలు తీసి కంపెనీకి పంపాడు. పాస్‌పోర్టు కాగితాన్నీ ఫోటో తీసి పంపాడు. మీరు ఫలానా రోజు పదకొండున్నరకు రేవుకు రావాలి, ముందు వస్తే బయటే నిలబడాలి అని జవాబు వచ్చింది. రేవులో ఒక కెమెరా ముందు ముఖం చూపిస్తే దారి వదిలారు. "పెళ్ళికి వెళ్ళినా ఎవరి తాలూకు అని అడుగుతారు. అక్కడ నా పేరైనా ఎవరూ అడగలేదు నాయనా" అని పిన్ని ఆశ్చర్యపడింది.

ఇంకొక ప్రశ్న అడిగాను. ఓడకు ఏదైనా ఆపద వస్తే ఎక్కడికి వచ్చి నిలబడాలో చెప్పారా అని. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. "ఫోన్లో ఏదో బొమ్మ ఆడింది. ఇంగ్లీషు. అబ్బాయి చూశాడు. తర్వాత ఒకచోటికి తీసుకెళ్ళి కార్డు చూపించమన్నారు, చూపించాం. ఆ చోటు ఎక్కడో ఇప్పుడు గుర్తు లేదు" అన్నాడు బాబాయ్.

ఈ జవాబే నా చేత ఈ నాలుగు మాటలు రాయిస్తున్నది.

ఓడ ఎక్కడం అనేది మన జిల్లాకు కొత్త సంగతి కాదు. రంగం పోయిన తాతలు లేని వూరు ఈ తీరాన తక్కువ. కాకినాడలో స్టీమరు ఒడ్డుకు వచ్చేది కాదు, దూరంగా లంగరు వేసుకుని వుండేది. జనాన్ని నావల మీద తీసుకెళ్ళి దాని పక్కన చేర్చేవారు. డెక్కు మీద ప్రయాణమే పేదవాడి ప్రయాణం. మేస్త్రీ తన మనుషులను తాను లెక్కపెట్టుకునేవాడు, ఎందుకంటే వాళ్ళకిచ్చిన బయానా డబ్బు అతని లెక్కలో వుంది. ఆ లెక్క మనిషి ప్రాణం కోసం వేసింది కాకపోయినా, లెక్కంటూ ఒకటి వుండేది.

అదే కాలంలో దొరల ఓడల సంగతి వేరు. ప్రయాణం చేసేవారితోపాటు సాగనంపే బంధుమిత్రులు కూడా లోపలికి వెళ్ళి, విందు చేసుకుని, గంట కొట్టినప్పుడు దిగి వచ్చేవారు. 1970ల వరకు విహార నౌకల్లో కూడా ఇది మామూలే. టిక్కెట్టు పుస్తకం టపాలో వచ్చేది. రేవులో బల్ల వెనుక గుమాస్తా కూర్చుని పేరు చూసి, టిక్కు పెట్టి, గది తాళం చేతికిచ్చేవాడు.

ఈ పద్ధతికి మొదటి దెబ్బ 1985 అక్టోబరులో తగిలింది. అకిలీ లౌరో అనే ఇటలీ ఓడలోకి మామూలు ప్రయాణికుల మాదిరిగానే టిక్కెట్టు కొనుక్కుని ఎక్కిన నలుగురు సాయుధులు ఈజిప్టు తీరాన దాన్ని చేజిక్కించుకున్నారు. చక్రాల కుర్చీలో వున్న ఒక అమెరికా ప్రయాణికుణ్ణి చంపి సముద్రంలో పడవేశారు. మరుసటి ఏడాదే అంతర్జాతీయ సముద్రయాన సంస్థ ఓడల కాపలాకు సూచనలు జారీ చేసింది. 2001 సెప్టెంబరులో న్యూయార్కు మీద దాడుల తర్వాత ఇంకా గట్టి నిబంధనావళి తయారై 2004 జులై 1 నుంచి అమలులోకి వచ్చింది. సాగనంపేవాళ్ళు రేవు గేటు దగ్గరే ఆగిపోయారు. సామాను విమానాశ్రయంలో మాదిరిగా యంత్రం గుండా పోసాగింది. ఇందులో తప్పు పట్టవలసింది ఏమీ లేదు.

తర్వాత ఫోను వచ్చింది. దాన్ని కంపెనీలు ఊరికే నెత్తికెత్తుకోలేదు. ఓడలు పెరిగిన తీరు చూస్తే సంగతి అర్థమవుతుంది. 2024 జనవరిలో మయామీ నుంచి తొలి ప్రయాణం చేసిన ఐకాన్ ఆఫ్ ది సీస్ అనే ఓడలో 7,600 మంది ప్రయాణికుల వరకు పడతారు, సిబ్బంది మరో 2,350 మంది. మన పెద్ద పంచాయతీ జనాభా మొత్తం ఒక ఓడలో అన్నమాట. ఇటువంటి ఓడ తెల్లవారేసరికి రేవుకు వచ్చి, పాత జనాన్ని దింపి, గదులు కడిగి, కొత్త జనాన్ని ఎక్కించుకుని ఆ సాయంత్రమే బయలుదేరాలి. ఓడ రేవులో నిలబడివున్న ప్రతి గంటా కంపెనీకి నష్టం. ఒక్కొక్క గుమాస్తా ఒక్కొక్క పేరు వెతుకుతూ కూర్చుంటే పని జరగదు. కనుక గుమాస్తా చేసే పనిని ప్రయాణికుడి ఇంటికి పంపేశారు. మన బాబాయ్ విషయంలో గుమాస్తా ఉద్యోగం కొడుకు చేశాడు, జీతం లేకుండా.

అయినా న్యాయంగా చెప్పాలంటే దీనివల్ల ఎండలో గంటల తరబడి వరసలో నిలబడే బాధ పోయింది. ముసలివాళ్ళకు అది చిన్న మేలు కాదు. 2020లో కోవిడ్ వచ్చినప్పుడు ఈ మార్పు మరింత వేగం అందుకుంది. ఆ ఫిబ్రవరిలో జపానులోని యోకొహామా రేవులో డైమండ్ ప్రిన్సెస్ అనే ఓడను ఆపేశారు. అందులో వున్న సుమారు 3,700 మందిలో 700 మందికి పైగా ఆ జబ్బు సోకింది. అటువంటి అనుభవం తర్వాత జనాన్ని గుంపులుగా ఒకచోట చేర్చరాదనుకోవడం సహజం. వేళలు పంచి పిలవడం అప్పుడు స్థిరపడిపోయింది.

కాని అదే వూపులో ఇంకొకటి కూడా మారిపోయింది. అదే నాకు మింగుడు పడనిది.

ఓడ ఎక్కినవారందరినీ పిలిచి, ఆపద కూత ఎలా వుంటుందో వినిపించి, జాకెట్టు ఎలా కట్టుకోవాలో చూపించి, ఏ పడవ దగ్గర ఎవరు నిలబడాలో అక్కడే నిలబెట్టి చెప్పే డ్రిల్లు ఒకటి వుంటుంది. ఏడు పొట్టి కూతలు, ఒక పొడుగు కూత దాని గుర్తు. పూర్వం ఈ డ్రిల్లు ఎక్కిన 24 గంటలలోగా చేస్తే చాలునని నిబంధన వుండేది. దాని ఫలితం 2012 జనవరి 13 రాత్రి కనిపించింది. కోస్టా కాంకోర్డియా అనే ఓడ ఆ సాయంత్రం ఇటలీలోని చివితావెక్కియా రేవు వదిలి, కొద్ది గంటలకే జిలియో ద్వీపం ఒడ్డున రాతికి కొట్టుకుని ఒరిగిపోయింది. ఓడలో వున్నది 4,229 మంది. చివితావెక్కియాలో ఎక్కిన సుమారు 700 మందికి డ్రిల్లు ఇంకా జరగనే లేదు. మరునాటికి పెట్టుకున్నారు. భోజనాల బల్లల దగ్గర నుంచి లేచిన జనం చీకట్లో ఎటు పోవాలో తెలియక పరుగులు తీశారు. 32 మంది చనిపోయారు. కెప్టెనుకు 16 ఏళ్ళ శిక్ష పడింది. ఓడను రాళ్ళ దగ్గరకు తోలింది అతడే కాబట్టి అతని తప్పు అతనిదే. కాని జనానికి దారి చెప్పకుండా తాడు విప్పవచ్చునన్న నిబంధన అతడు రాసింది కాదు.

ఆ తర్వాత కొద్ది వారాలకే పెద్ద కంపెనీలు బయలుదేరక ముందే డ్రిల్లు చేస్తామని ఒప్పుకున్నాయి. 2015 జనవరి 1 నుంచి అంతర్జాతీయ నిబంధనే మారింది. కొత్తగా ఎక్కినవారికి ఓడ కదలక ముందు, లేదా కదిలిన వెంటనే ఆ పని జరగాలి.

మరి ఇప్పుడు? కోవిడ్ రోజుల్లో గుంపు వద్దని చెప్పి, డ్రిల్లును ఫోన్లో బొమ్మగా మార్చారు. ఎవరికి వారు చూసుకుని, తర్వాత తమకు కేటాయించిన చోటికి ఒకసారి వెళ్ళి కార్డు చూపించి రావాలి. జబ్బు తగ్గినా చాలా కంపెనీలు ఈ పద్ధతిని వదలలేదు, ఎందుకంటే ప్రయాణికులకు ఇది ఇష్టం. ఎండలో జాకెట్టు తొడుక్కుని నిలబడడం ఎవరికి ఇష్టం? కొన్ని కంపెనీలు మాత్రం పాత పద్ధతికి తిరిగి వెళ్ళాయి. అందరినీ ఒకేసారి తోసుకుంటూ నిలబెడితే ఎవరికీ ఏమీ వినపడదని, విడివిడిగా వస్తే సిబ్బంది తీరికగా చెప్పగలరని కొత్త పద్ధతిని సమర్థించేవారు అంటారు. ఇంగ్లీషు చదవగలిగి, శ్రద్ధగా చూసేవాడి విషయంలో అది నిజం కావచ్చు. మా బాబాయ్ విషయంలో మాత్రం కంపెనీ లెక్కలో ఆయనకు డ్రిల్లు అయిపోయింది, ఆయన బుర్రలో కాలేదు. కార్డు యంత్రం టిక్కు పెట్టింది. మనిషికి దారి తెలియలేదు.

ఫోటో ఫోనుతో తీసుకోమనండి, వేళ ఫోనులో చెప్పమనండి, టిక్కెట్టు ఫోనులో చూపమనండి, నాకు అభ్యంతరం లేదు. మోకు విప్పేముందు తలల లెక్క, ఆపదలో దారి ఏదో ఎదురుగా నిలబెట్టి చెప్పడం, ఈ రెంటినీ మాత్రం యంత్రానికి అప్పగించి చేతులు దులుపుకోరాదు.

లెక్క సంగతి చిన్నదనుకునేవారు 1987 డిసెంబరు 20న ఫిలిప్పీన్సులో మునిగిన దోన్యా పాజ్ అనే ప్రయాణికుల ఓడ సంగతి తెలుసుకోవాలి. అది విహార నౌక కాదు, పండుగకు ఇళ్ళకు వెళ్ళే బీదజనం ఎక్కిన ఓడ. చమురు ఓడతో ఢీకొని తగలబడింది. జాబితాలో వున్న ప్రయాణికులు సుమారు 1,500. చనిపోయినవారు 4,000కు పైగా అని అంచనా. అంచనా అనే మాట గమనించండి. పేరు రాయని మనిషి చనిపోయినా లెక్కకు రాడు. ప్రయాణికుల ఓడ ఏదైనా కదిలేముందు అందులోని మనుషులందరినీ లెక్కించాలని ఇప్పుడు అంతర్జాతీయ నిబంధన వుంది.

ఇవన్నీ సముద్రాల అవతలి కబుర్లు, మనకెందుకు అంటారా? విశాఖపట్నం నుంచి 2022 జూన్‌లో ఎంప్రెస్ అనే విహార నౌక ప్రయాణాలు మొదలయ్యాయి. 2023 సెప్టెంబరులో అక్కడ విహార నౌకల కోసం ప్రత్యేకంగా టెర్మినల్ తెరిచారు. రేపు మనవాళ్ళు మరింతమంది ఎక్కుతారు. అయినా నేను చెప్పదలచినది ఆ పెద్ద ఓడ గురించి మాత్రమే కాదు. మన గోదావరి గురించి.

2019 సెప్టెంబరు 15 ఎవరూ మరచిపోలేదు. గండిపోచమ్మ గుడి దగ్గర నుంచి పాపికొండలకు బయలుదేరిన లాంచి, అప్పటి తూర్పు గోదావరి జిల్లా దేవీపట్నం మండలం కచ్చులూరు దగ్గర మునిగింది. నది 5 లక్షల క్యూసెక్కులకు పైగా వరద మీద వుంది. భోజనాల వేళ జాకెట్లు తీసేశారని బతికి బయటపడ్డ కొందరు చెప్పారు. మొదటి రోజుల్లో లాంచిలో ఎంతమంది వున్నారన్నది పూటకొక అంకెగా మారింది. చివరకు 77 మంది అని, 51 మంది పోయారని, 26 మంది బతికారని తేలింది. కాకినాడ ధర్మాడి సత్యం బృందం అక్టోబరు 22న లాంచిని పైకి తీసేవరకు, లోపల ఇంకా ఎందరున్నారో తెలియక రేవులో కాచుకు కూర్చున్న కుటుంబాలను తలచుకోండి. చావు కబురు కంటే ఆ అంకెల కోసం ఎదురుచూపు వాళ్ళను ఎక్కువ నలిపింది.

ఆ తర్వాత కంట్రోలు రూములు వచ్చాయి, తనిఖీలు వచ్చాయి. 2021లో పాపికొండల ప్రయాణాలు తిరిగి మొదలయ్యాయి. టిక్కెట్లు ఫోనులో కొనుక్కోవచ్చు. మంచిదే. కాని టిక్కెట్టు కొన్నవాడు, ఎక్కినవాడు ఒకడేనా? ఒడిలో వున్న పసిబిడ్డకు టిక్కెట్టు వుండదు, కనుక లెక్కలో వుండదు. వంటవాడు, కళాసీ, ఫోటోలు తీసే కుర్రవాడు, వీళ్ళ పేర్లు ఏ ఫోనులోనూ వుండవు. జాబితా లాంచిలోనే వుంటే అది లాంచితోపాటే మునుగుతుంది. దాని నకలు రేవులో ఒక మనిషి చేతిలో వుండాలి. సరంగు మోకు విప్పించేముందు ఆ మనిషి ఎదుట తలలు లెక్కపెట్టాలి. అయిదు నిమిషాలు నిలబడి, జాకెట్టు తాడు ఎలా బిగించాలో, అన్నం తినేటప్పుడు కూడా ఎందుకు విప్పకూడదో తెలుగులో చెప్పాలి. టేపు పాట పెట్టి చెప్పినట్టు అనిపించుకోవద్దు.

విహారానికి వెళ్ళేవాడి సంగతి సరే, రోజూ నది దాటేవాడి సంగతి ఏమిటి? బడిపిల్లలు, పాలకేన్లవాళ్ళు, మోటారు సైకిళ్ళు, కూరగాయల గంపలు అన్నీ ఒకే పంటు మీద. అక్కడ పేర్లు రాయడం కుదరదని నాకూ తెలుసు. లెక్క మాత్రం కుదురుతుంది. ఎంతమంది ఎక్కవచ్చో పంటు మీద పెద్ద అక్షరాలతో తెలుగులో రాసి వుండాలి. ఎక్కేవాడికి అది కనిపించాలి. నిండాక వచ్చినవాణ్ణి ఆపే అధికారం కళాసీకి వుండాలి, అతడు ఆపినందుకు రేవు పాటదారు కేకలు వేయకూడదు.

రేవు పాట పెట్టేటప్పుడు ఇంత సొమ్ము, ఇన్ని వాయిదాలు, ఇంత డిపాజిట్టు అని షరతులు పేజీల కొద్దీ రాస్తారు. మోకు విప్పేముందు తలల లెక్క, మనిషికి ఒక జాకెట్టు అనే రెండు వాక్యాలు ఆ షరతుల్లో వున్నాయా అని ఈసారి పాట జరిగే రోజున వెళ్ళి అడగండి. నేను మా రేవు పాటకు వెళ్తున్నాను. బాబాయ్ కూడా వస్తానన్నాడు.