ఆ బిడ్డకు ఏ తరగతి గది?

ఆటిజం గల బిడ్డను మామూలు బడిలో చేర్పించవలెనా, ప్రత్యేక పాఠశాలకు పంపవలెనా? ఇది ఆ ఇంటివారి సొంత గొడవ అని మనలో చాలామంది తలుస్తున్నారు. ఇది ఉద్యోగ సమస్య కూడానని మేము భావిస్తున్నాము.

1995 నాటి వికలాంగుల చట్టంలో ఆటిజం ప్రసక్తి లేదు. 1999 నాటి నేషనల్ ట్రస్టు చట్టం దానిని గుర్తించింది. 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షను మరొక అడుగు ముందుకు వేసినది. నిర్ణీత స్థాయి వైకల్యం గల 6 నుండి 18 ఏండ్ల బిడ్డలు సమీపంలోని బడిలో గాని, తాము కోరిన ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితంగా చదువుకొనవచ్చును. ఎంపిక వారిదే.

కాని ఆ రెండు తలుపులూ నిజంగా తెరచి ఉన్నవా? మామూలు తరగతిలో తోటి పిల్లల ఆటపాటలు, మాటామంతీ లభిస్తాయి. అయితే శిక్షణ పొందిన ఉపాధ్యాయుడు లేని చోట, ఆ రొదలో బిడ్డను వెనుక బెంచీపై కూర్చుండబెట్టుటను చదువు అనజాలము. ప్రత్యేక పాఠశాలలో శ్రద్ధ లభించవచ్చును. కాని అట్టివి ఎక్కువగా నగరాలలోనే ఉన్నవి. చిన్న స్టేషనులోని పాయింట్స్‌మన్‌కు, పల్లె తపాలా ఉద్యోగికి అవి అందని పండ్లే. ప్రత్యేక ఉపాధ్యాయుల నియామకమును గురించి 2021లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చినదంటే లోటు ఎంతటిదో గ్రహించవచ్చును.

ఇక బదిలీల సంగతి. ఆటిజం గల పెక్కుమంది పిల్లలకు నిత్యక్రమమే ఊతకర్ర. బడి, గురువు, నడిచే దారి ఒక్కసారిగా మారినచో ఏండ్ల శ్రమ చెదరిపోవచ్చును. ఈ కారణముగానే అట్టి బిడ్డల సంరక్షకులైన కేంద్ర ప్రభుత్వోద్యోగులను సాధారణ బదిలీల నుండి మినహాయించవచ్చునని కేంద్ర సిబ్బంది శాఖ 2014లోను, తిరిగి 2018 అక్టోబరు 8నను ఉత్తర్వులు జారీచేసినది. అయితే "పరిపాలనా అవసరాలకు లోబడి" అను షరతు అందులో ఉన్నది. ఆ ఒక్క షరతు చాటున ఎన్ని దరఖాస్తులనైనా తోసిపుచ్చుటకు వీలున్నది.

కావున మినహాయింపు నిరాకరించిన ప్రతి సందర్భంలోను కారణమును లిఖితపూర్వకంగా తెలుపవలెనని, ఉద్యోగుల పిల్లలు చదివే బడులలో ప్రత్యేక ఉపాధ్యాయులను నియమించవలెనని మేము కోరుతున్నాము.

సోదర సోదరీమణులారా! బిడ్డ స్థితిని దాచి కుమిలిపోవద్దు. వైకల్య ధ్రువపత్రము పొంది మీ బ్రాంచి కార్యదర్శికి తెలియజేయండి. డ్యూటీ మార్పు కోరిన సహోద్యోగిని విసుగుకొనక ఆదుకొనండి. అదియే సంఘ ధర్మము.