బాలారోగ్యము – బరోల ఖజానా

1931వ సంవత్సరమున రెండవ రౌండుటేబిలు సమావేశమునకై లండను వెళ్ళిన గాంధీమహాత్ముడు హోటళ్ళను కాదని తూర్పులండనునందలి బౌ పేటలో, కింగ్స్‌లీ హాలున, బీదసాదల నడుమ బసచేసిన సంగతి పాఠకు లెఱుగుదురు. ఆయనకు ఆతిథ్యమిచ్చిన మ్యూరియెల్ లెస్టరు అంతకు పూర్వము పోప్లారు పురపాలక సంఘమున మాతృశిశు సంరక్షణోపసంఘమునకు అధ్యక్షురాలుగా నుండెనని ఎఱిగినవారు తక్కువ. ఆ పేట లిప్పుడు టవర్ హామ్లెట్సు బరోలో చేరియున్నవి. అచ్చటి బడిపిల్లల ఆరోగ్యమును గూర్చి ముచ్చటించుట మనకు పరాయి విషయము కాదు.

బోయరు యుద్ధమున సైన్యమునందు చేరవచ్చిన యువకులలో అనేకులు దేహదార్ఢ్యము లేక తిరస్కరింపబడిన పిమ్మటగాని ఆంగ్లప్రభువులకు పిల్లల ఆకలి కానరాలేదు. 1906లో బడిభోజనముల చట్టమును, 1907లో బడులయందు వైద్యపరీక్షల చట్టమును పుట్టినవి. తుపాకి పట్టువారు కావలసివచ్చి పుట్టిన దయ యైనను, మేలు మేలే. అయితే ఖర్చెవరు భరింపవలెను? బీదపేటలకు ఖర్చు మెండు, పన్నురాబడి స్వల్పము. ధనికుల పేటలకు రాబడి మెండు, ఖర్చు స్వల్పము. ఈ యన్యాయమును సహింపక 1921లో జార్జి లాన్స్‌బరీ మొదలైన పోప్లారు సభ్యులు 30 మంది, లండను కౌంటీ మొదలగు పై సంస్థలకు చెల్లింపవలసిన పన్నును వసూలు చేయక, చెరసాలకు పోయిరి. మన చీరాల–పేరాల ప్రజలు మునిసిపాలిటీ పన్ను చెల్లింపక ఊరు విడిచినదియు ఆ సంవత్సరమే. పోప్లారువారు గెలిచిరి, బీదల పోషణవ్యయమును లండనంతయు పంచుకొనునట్లు ఆ యేడే చట్టము వచ్చెను.

నూరేండ్లకు ఆ చిక్కే మరల వచ్చినది. 2013 ఏప్రిలులో ప్రజారోగ్యభారము, 2015 అక్టోబరులో ఐదేండ్లలోపు శిశువుల సంరక్షణ బరోల నెత్తిన పెట్టబడినవి. గర్భమునందున్నప్పటినుండి రెండున్నరయేండ్ల వఱకు ఇంటింటి నర్సు ఐదుమారులు బిడ్డను విచారింపవలెనని విధియు గలదు. విధిని నిలిపి, సొమ్మును తగ్గించిరి. 2015 తరువాత ఈ గ్రాంటు, ధరల పెరుగుదలను లెక్కించిచూచినచో, తలకు నాలుగవవంతునకు పైగా క్షీణించినది. ఇంగ్లండున బడినర్సుల సంఖ్య 2009 నాటికంటె సుమారు మూడవవంతు పడిపోయినది.

టవర్ హామ్లెట్సువారు చేతులు కట్టుకొని కూర్చుండలేదు. 2014 నుండి ప్రాథమిక పాఠశాలల పిల్లలకందఱికిని, 2023 సెప్టెంబరునుండి పదునారేండ్ల వఱకుగల విద్యార్థులకును ఉచితభోజనము పెట్టుచున్నారు. ఆకాశమంటు కెనరీ వార్ఫు బ్యాంకుల నీడలోనే బ్రిటనునందలి మిక్కిలి బీదపిల్లలు పెరుగుచున్న బరో యిది. (మన దేశపు సరకు దిగిన ఈస్టిండియా డాక్కులును ఇచ్చటివే.) ఈ భోజనమును మేము హృదయపూర్వకముగా శ్లాఘించుచున్నాము. కాని అన్నము కంటికి కనబడును, ఓటరుకును కనబడును. చూపు మందగించి నల్లబల్ల కానక మందమతి యనిపించుకొను బాలుని, పుప్పిపంటి నొప్పితో రాత్రులు నిద్రలేని బాలికను కనిపెట్టు నర్సు తగ్గినను ఎవ్వరికిని తెలియదు.

టీకాల సంగతి మఱింత చిక్కైనది. అవి బరోవి కావు, జాతీయ ఆరోగ్యశాఖవి. ఇంటికి వచ్చు నర్సు బరో పనిది, సూది జాతీయశాఖది, భోజనము బడిలోనిది. బిడ్డ యొక్కడే, యజమానులు ముగ్గురు! తట్టు వ్యాపింపకుండ నూటికి 95 మందికి టీకా పడవలెనని వైద్యుల మతము. లండను ఆ మెట్టున కెంతో దిగువను నిలిచినది. 2022లో ఉత్తర, తూర్పు లండనుల మురుగునీట పోలియోక్రిమి కనబడగా, ఆగస్టులో నగరమునందలి ఒకటి మొదలు తొమ్మిదేండ్ల పిల్లలకందఱికిని అదనపు టీకా వేయ నిశ్చయించిరి. అపనమ్మకముతో తలుపు మూసికొను తల్లికి నచ్చజెప్పువారు ఇంటింటి నర్సులు. వారినే ముందు తగ్గించియుండిరి.

గ్రాంటును 2015 నాటి విలువకు తేవలెననియు, పంచునప్పుడు తలల లెక్కతోబాటు లేమిని గణింపవలెననియు తూర్పులండను బరోలు ఏకకంఠమున మంత్రుల నడుగవలసియున్నది. ఇందులకు వారు లాన్స్‌బరీవలె చెరసాలకు పోనక్కఱలేదు. లెక్కల పుస్తకమును పట్టుకొని పోయిన చాలును.