కోసుకున్నది ఒకరు, బాకీ ఇంకొకరికా?

పన్ను ఎగవేత అనగానే మనకు గుర్తొచ్చేది వ్యాపారస్తులో, కాంట్రాక్టర్లో. జీతం చేతికి రాకముందే పన్ను కోయించుకుని, మిగిలింది ఇంటికి తెచ్చుకునే ఉద్యోగిని ఎగవేయాలన్నా ఎగవేయలేదు. అలాంటి ఆమెకే ‘మీరు ప్రభుత్వానికి బాకీ ఉన్నారు’ అని తాఖీదు వస్తే ఏమనాలి?

2024లో ఒక మిత్రురాలు ఇలాంటి కాగితమే పట్టుకుని నా దగ్గరికొచ్చింది. ఓ ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెబుతుంది. 2022-23లో ఆమె జీతం నెలకు 75 వేలు. అందులోంచి ఆదాయపు పన్ను కింద యాజమాన్యం నెలనెలా 4,550 రూపాయలు పట్టుకుంది. పే స్లిప్పుల్లో ఆ అంకె స్పష్టంగా ఉంది. మొదటి ఆరు నెలల సొమ్ము ప్రభుత్వానికి జమ చేశారు. అక్టోబరు నుంచి మార్చి దాకా పట్టుకున్న 27,300 రూపాయలు జమ కాలేదు. పన్ను శాఖ కంప్యూటరుకు పే స్లిప్పులతో పనిలేదు. తన ఖాతాలో కనబడనిది కట్టనట్టే లెక్క. ఆ 27,300కు వడ్డీ కలిపి ముప్పై రోజుల్లో కట్టమంది.

‘గవర్నమెంటుతో మనకెందుకు, కట్టేసి వదిలించుకో’ అన్నారట ఇంట్లో. నోటీసు కన్నా ఈ సలహా మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది. ఒకసారి కోసిన డబ్బే రెండోసారి ఆమె కష్టంలోంచి తీసి ఇవ్వాలా?

చట్టం అలా చెప్పలేదు. ఆ ఏడాదికి వర్తించే 1961 నాటి ఆదాయపు పన్ను చట్టం 205వ సెక్షన్ ప్రకారం, జీతంలోంచి పన్ను పట్టుకున్నాక ఆ మేరకు ఉద్యోగిని మళ్లీ కట్టమనకూడదు. ఇలాంటి బాకీలను బలవంతంగా వసూలు చేయొద్దని కేంద్ర ప్రత్యక్ష పన్నుల బోర్డు 2015 జూన్ 1న తన అధికారులకు రాతపూర్వకంగా చెప్పింది. అంతకు రెండేళ్ల ముందు, టీడీఎస్ లెక్కలు కలవక జనం పడే అవస్థల గురించి ఓ చార్టర్డ్ అకౌంటెంట్ రాసిన ఉత్తరాన్నే పిటిషనుగా తీసుకుని ఢిల్లీ హైకోర్టు శాఖకు ఆదేశాలిచ్చింది. పట్టుకున్న పన్ను జమ చేయని యజమానికి అదే 1961 చట్టంలో మూడు నెలల నుంచి ఏడేళ్ల దాకా కఠిన శిక్ష ఉండేది. ఆ యజమాని ఎవరో, ఎక్కడున్నాడో శాఖకు తెలుసు. అయినా తాఖీదు మాత్రం లెక్చరరుకే ముందు వెళ్తుంది. సులువుగా భయపడేది ఆమే కదా!

సరే, జవాబు రాద్దామని కూర్చుంటే అసలు సంగతి బయటపడింది. పన్ను వెబ్‌సైటులో ఆమె ఖాతాకు పాస్‌వర్డు కాలేజీ అకౌంట్స్ సెక్షనులో ఉంది. ఓటీపీ వెళ్లేది అక్కడి గుమాస్తా ఫోనుకు. తన పాన్, తన సంపాదన, తన బాకీ. చూసుకోవడానికి మాత్రం ఎవరి మీద ఫిర్యాదు చేయాలో వాళ్లనే అడగాలి! ఇంకొందరు స్త్రీలకు ఈ తాళంచెవి భర్త దగ్గరో, ఆడిటరు దగ్గరో ఉంటుంది. ఫోను నంబరు మార్పించుకోవడానికే వారం పట్టింది.

ఆ తర్వాత పని అంత కష్టం కాలేదు. 2019 అక్టోబరు 1 నుంచి శాఖ పంపే కాగితాలపై గుర్తింపు సంఖ్య ఉండాలి. దాన్ని వెబ్‌సైటులో సరిచూసి నోటీసు నకిలీది కాదని తేల్చుకున్నాం. బాకీని ఒప్పుకోవడం లేదని గడువులోపే అక్కడే నమోదు చేసి, పే స్లిప్పులు, జీతం పడిన బ్యాంకు ఖాతా కాగితాలు జతచేశాం. ఊరుకుంటే నెలకు ఒక శాతం వడ్డీ పెరుగుతూనే ఉంటుంది. ఎంత జమైందో మూడు నెలలకోసారి ఎవరైనా అక్కడే చూసుకోవచ్చు.

కష్టమైంది తోటివాళ్లను కదిలించడం. అదే కాలేజీలో పదకొండు మందికి ఇలాంటి తాఖీదులొచ్చాయి. వాళ్లలో తొమ్మిది మంది ఆడవాళ్లు. ఒకామె అప్పటికే చీటీ పాడి కట్టేసింది. మిగతావాళ్లకు జూన్‌లో ఉద్యోగం కొనసాగిస్తారో లేదోనన్న బెంగ. ఆ బెంగను నేను తప్పుపట్టలేను. విడిగా ఫిర్యాదు చేస్తే పేరు బయటపడుతుంది కాబట్టి, పదిమందీ ఒకే కాగితం మీద సంతకాలు చేసి టీడీఎస్ అధికారికి ఇచ్చారు.

2025లో, ఆమెకు రావాల్సిన రీఫండును ఈ బాకీకి జమకట్టుకుంటామని శాఖ మరో కాగితం పంపింది. దానికీ అభ్యంతరం రాసి పంపాం.