నాగాయలంక ఎదగాలి, సాగూ నిలవాలి

నాగాయలంకను పల్లె అనాలా, పట్నం అనాలా? మండల కేంద్రం, బ్యాంకులు, బస్సులు, కృష్ణ ఒడ్డున ఘాట్లు, సెలవు రోజుల్లో వచ్చే సందర్శకులు చూస్తే పట్నమే. బజారు దాటి నాలుగడుగులు వేస్తే వరి చేలు, రొయ్యల చెరువులు, వలలు ఆరేసిన రేవులు. సగం పల్లె, సగం పట్నం. ఇందులో ఏ సగం మిగలాలో ఎవరు తేల్చాలి? ఈ మట్టి మీద బతికేవాళ్లే తేల్చాలన్నది మన వాదన.

ఈ హక్కు ఊరికే అడగడం లేదు. దివిసీమ కృష్ణ పాయల మధ్య ఒండ్రు పేరుకుని ఏర్పడ్డ నేల. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయినా, పులిగడ్డ అక్విడక్టు కట్టి కాలువను ఏటి పాయ దాటించాకే ఆ నీరు ఇవతలి చేలకు అందింది. చల్లపల్లి జమీందారీ పెత్తనం కింద మన పెద్దలు నలిగారు. 1948లో ఎస్టేట్ల రద్దు చట్టం వచ్చినా, భూమి కోసం కూలీలు, కౌలుదార్లు ఏళ్ల తరబడి పోరాడాల్సి వచ్చింది. 1977 నవంబరు 19 ఉప్పెనలో సొర్లగొంది వంటి ఊళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. అధికారిక లెక్కల్లోనే దాదాపు పది వేల మంది చనిపోయారు. మిగిలినవాళ్లు ఊరు వదిలిపోలేదు. ఉప్పు తేలిన చేలను బాగుచేసుకుని మళ్లీ నాట్లు వేశారు.

అదే ఉప్పు ఇప్పుడు నెమ్మదిగా తిరిగొస్తోంది. మనవి శివారు భూములు. ఎగువ చేలన్నీ తడిశాకే కాలువ నీరు మన బోదెల్లోకి దిగుతుంది. ఏట్లో ప్రవాహం తగ్గితే సముద్రపు పోటు పైకి ఎగదన్నుతుంది. దానికి తోడు వరి చేను పక్కన ఉప్పునీటి చెరువు తవ్వితే ఊట దిగి గట్టు అవతల చౌడు తేలుతుంది. వరి పండదు, వరి కోతకు ముందు చల్లిన మినుమూ నిలవదు. చివరికి ఆ రైతూ చేనును చెరువుకే ఇస్తాడు. భూమి యజమానికి కౌలు పెరుగుతుంది. సాగుచేసే కౌలు రైతుకు చేను పోతుంది, నాట్లు వేసే ఆడకూలీలకు పని పోతుంది.

రొయ్యల రైతు మనకు శత్రువు కాడు. తెగులు వచ్చినా, 2025లో అమెరికా సుంకాలు పెంచినా ముందు మునిగింది అతనే. మన పోరు పద్ధతీ పాడూ లేని తవ్వకాల మీద. సాగుభూములను రొయ్యల చెరువులుగా మార్చరాదని 1996 డిసెంబరులోనే సుప్రీంకోర్టు చెప్పింది. 2005లో కేంద్రం తీరప్రాంత ఆక్వాకు వేరే చట్టం చేసి, అనుమతుల దారి తెరిచింది. ఆ అనుమతి కాగితం మీద గట్టు పక్క రైతు మాటకు చోటెక్కడ?

ఇంగ్లండులోనూ ఇలాంటి సగం పల్లెలు ఉన్నాయి. అక్కడ 1947 చట్టం నాటి నుంచి పొలంలో ఇళ్లు కట్టాలంటే ప్రణాళికా అనుమతి తప్పనిసరి. 2011 చట్టంతో ఊరి కౌన్సిలే తన ప్రాంతానికి ప్రణాళిక రాసుకుని, జనం ఓటుతో ఆమోదించుకునే వీలు వచ్చింది. మన రాజ్యాంగం పదకొండో షెడ్యూలులోని 29 అంశాల్లో వ్యవసాయం, చిన్న నీటిపారుదల, చేపల పెంపకం ఉన్నాయి. కాగితం మీద మనమూ తక్కువ తినలేదు. కానీ గ్రామసభ సంతకాలు పెట్టించుకునే తంతుగా మిగిలిపోయింది.

అభివృద్ధికి మనం అడ్డం కాదు. ఎదురుమొండి దీవి రైతు ధాన్యం బస్తాలను ఏరు దాటించడానికి పడే పాట్లు చూసినవాడెవడూ వంతెన వద్దనడు. రోడ్డు రావాలి, వంతెన రావాలి. గుల్లలమోద దగ్గర తలపెట్టిన క్షిపణి పరీక్షా కేంద్రమైనా, రేపు రాబోయే రిసార్టయినా, ముందు మత్స్యకారులకు, రైతులకు లెక్క చెప్పి రావాలి.

అందుకే మన డిమాండ్లు ఇవి. కొత్త చెరువుకు గ్రామసభలో చర్చ, పక్క రైతుల అంగీకారం ఉండాలి. శివారు భూములకు వంతులవారీగా నీరు ఇవ్వాలి, మురుగు కాలువల్లో పూడిక ఏటా వేసవిలోనే తీయాలి. 2019 చట్టం కింద ఇచ్చే కౌలు కార్డుకు యజమాని సంతకం షరతు ఎత్తేయాలి. కరకట్టలకు, మడ అడవులకు రక్షణ ఉండాలి.

వచ్చే గ్రామసభకు ఇంటికొకరు రండి. ఆడవాళ్లు, కౌలుదార్లు ముందు వరుసలో కూర్చోండి. తీర్మానం చదివి వినిపించాకే సంతకం పెట్టండి.