నెలకెంత?

పూర్వము మన పెద్దలు అంగడికి పోయినప్పుడు వస్తువును చేతబట్టుకొని మొట్టమొదట నడుగు ప్రశ్న యొక్కటే యుండెడిది: "ధర యెంత?" అని. జవాబు విని, సంచి తడవి చూచుకొని, చాలినంత యున్న కొనెడివారు. లేకున్న తిరిగి వచ్చెడివారు. వారు ఋణములే చేయలేదని మేము చెప్పుట లేదు. పెండ్లిండ్లకును ఆడంబరములకును భూములు తాకట్టుపెట్టి చెడిన కుటుంబముల కథలు ఏ గ్రామమునకు పోయినను వినవచ్చును. కాని తాము చేయుచున్నది ఋణమని వారెరుగుదురు. షావుకారి వాకిట నిలువబడినప్పుడు తల వంగెడిది. పత్రముపై వ్రేలిముద్ర వేయునప్పుడు చేయి వణకెడిది. నేటి ఋణమునకు వాకిలియు లేదు, వణకును లేదు. "ధర యెంత?" అనుట మాని మనము "నెలకెంత?" అని యడుగ నేర్చితిమి. ఈ చిన్న ప్రశ్నయే నేటి మధ్యతరగతి గృహములను లోలోపల తొలుచుచున్న పురుగని మా నిశ్చయము.

ఇతరుల దోషముల నెన్నుటకు ముందు మా దోషమును చెప్పుకొనుట న్యాయము. 2025వ సంవత్సరము సెప్టెంబరు 22వ తేదీ సోమవారము, శరన్నవరాత్రులలో మొదటి దినము. ఏసీ యంత్రములపైని వస్తుసేవల పన్ను ఆనాటినుండి నూటికి 28 నుండి 18కి తగ్గెను. వార్తాపత్రిక విప్పిన పుటపుటను తగ్గింపు ప్రకటనలే. గత వేసవిలో మా వృద్ధమాత ఉక్కకు నిద్రలేక బాధపడిన మాట నిజము. మాతృభక్తియు పన్ను తగ్గింపును ఒక్క ముహూర్తమున కలిసివచ్చినపుడు ఆగగల పురుషుడెవడు? సాయంకాలమునకు మేమంగడిలో నుంటిమి.

"ధర యెంత?" అంటిమి. "నెలకు 3,304 రూపాయలేనండి" అని యచ్చటి కుఱ్ఱవాడు చెప్పెను. మేమడిగిన దొకటి, అతడు చెప్పిన దింకొకటి. అయినను మా ప్రశ్నకు జవాబు దొరికినట్లే మాకు తోచెను. వడ్డీ యెంతయన్న, నూటికి నెలకొక్క రూపాయి మాత్రమేనట. ఫోనునకు వచ్చిన ఓటీపీ అంకెలను చదివి చెప్పితిమి, ఋణపత్రము ముగిసెను. టీ త్రాగుట కింతకంటె నెక్కువ సేపు పట్టును.

ఆ రాత్రి మా గృహిణి "మొత్తమెంత పడినదండీ?" అని యడిగెను. మేము చెప్పలేకపోతిమి. ఆమె క్యాలెండరు కాగితము వెనుకప్రక్క లెక్క వేసెను. యంత్రము అసలు వెల 30,000 రూపాయలు. పాత పన్నుతో 38,400. క్రొత్త పన్నుతో 35,400. అనగా ప్రభుత్వము మాకు విడిచిన సొమ్ము 3,000 రూపాయలు. పండ్రెండు నెలల వడ్డీ 4,248. ఋణము వ్రాసినందులకు రుసుము పన్నుతో కూడ 590. వెరసి 40,238 రూపాయలు. పన్ను తగ్గకముందే రొక్కమిచ్చి కొనినచో మాకు పడునది 38,400. పన్ను తగ్గిన సంతోషములో వాయిదాలపై కొనినందున 1,838 రూపాయలు అధికముగా నిచ్చుకొనుచున్నాము! పట్టాలు పుచ్చుకొనిన మేము చేయని లెక్కను, "ఆడవారికి లెక్కలేమి తెలియు"నని మేమనేక పర్యాయములు తీసివేసిన మనిషి పది నిమిషములలో చేసెను.

అంతటితో నాగిన బాగుండెడిది. "ఇటువంటివి ఇంకెన్ని యున్నవి?" అని యామె యడిగెను. కుమారుని ఫోనుకై నెలకు 2,240 రూపాయలు కట్టుచున్నామని యప్పుడు చెప్పితిమి. క్రెడిటు కార్డుపై నాలుగు నెలలుగా కనీసపు మొత్తము మాత్రమే కట్టి, మిగిలినదానిపై వడ్డీ పెరుగనిచ్చుచున్నామని మరికొంతసేపటికి చెప్పితిమి. ఆమె కోపింపలేదు. లోనికి పోయి బీరువానుండి యొక రసీదు తెచ్చి మా ముందుంచెను. జూనులో కుమార్తె బడి ఫీజునకు "చీటీ డబ్బు వచ్చిన"దని మాతో చెప్పిన సొమ్ము చీటీ డబ్బు కాదు. ఆమె గాజులజత తాకట్టుపై వచ్చినది. బంగారము పది గ్రాముల ధర లక్ష రూపాయలు దాటిన సంవత్సరమగుటచే ఋణము సులభముగనే దొరకెనట. మేము దాచినది మా దర్పమునకై. ఆమె దాచినది మా పరువునకై. ఒక్క కప్పు క్రింద, ఒక్క పంక్తిని భుజించుచు, ఇద్దరము చెరియొక ఋణమును మోయుచు నొకరి కొకరు తెలియనీయలేదు. ఆ రాత్రి మాకు కలిగిన సిగ్గే ఈ వ్యాసమునకు హేతువు.

చదువరులారా! ఇది మా యింటి వింత యని మీరు నవ్వవచ్చును. మీ యింటి ఫోనుల నొక్కసారి తెరిచి, ప్రతి నెల 5వ తేదీని బ్యాంకునుండి మాయమగు మొత్తములను కూడి చూచి యప్పుడు నవ్వుడు. 2016వ సంవత్సరము నవంబరు 8వ తేదీ రాత్రి 500, 1,000 రూపాయల నోట్లు రద్దయినపుడు, గృహిణులు పోపులడబ్బాలలోను బియ్యపు కుండలలోను దాచిన సొమ్ము బయటపడినదని మన మెగతాళి చేసితిమి. ఆ సంవత్సరముననే యూపీఐ వచ్చి, పచ్చిమిరపకాయల బండి మొదలు పట్టుచీరల కొట్టువరకు ఫోనుతోడనే చెల్లింపులు సాగుచున్నవి. సౌకర్యమును మేము కాదనము. కాని చేతినుండి నోటు పోవునప్పుడు కలుగు చిన్న బాధయు దానితోనే పోయినది. పోపులడబ్బాలో దాగినది ధనము. ఫోనులలో దాగుచున్నది ఋణము. దేని నెగతాళి చేయవలసి యుండెనో మీరే యోచింపుడు.

"నూటికి నెలకు రూపాయి వడ్డీ యేపాటి?" అని కొంద రందురు. ఈ మాటలోని మోసమును కొంచెము విప్పి చెప్పవలెను. 24,000 రూపాయల ఫోనునకు నెలకు నూటికొక రూపాయి చొప్పున ఏడాదికి 2,880 వడ్డీ కట్టి, 26,880 రూపాయలను పండ్రెండు వాయిదాలు చేసిన, వాయిదా 2,240 అగును. కాని ఏడాది పొడవునను 24,000 మనయొద్ద నుండునా? మొదటి నెలనుండియే అసలు తీరుచుండును. ఆఱవ నెల ముగియునప్పటికి దాదాపు సగము తీరిపోయియుండును; వడ్డీ మాత్రము చివరివరకు మొత్తముపైననే కట్టుదుము. తీరిన యసలును త్రోసి లెక్కించిన, ఆ రూపాయి వడ్డీ సాలుకు 12 గాక 21కి పైబడును. గ్రామములో వడ్డీవ్యాపారి యీ రేటు చెప్పినయెడల "రక్తము పీల్చువా"డని తిట్టెడి మనము, అద్దాల యంగడిలో చల్లని గాలిలో కూర్చుండి "మంచి పథక"మని మెచ్చుకొనుచున్నాము.

ఇక "వడ్డీ లేని వాయిదా" యను వింత యొకటి గలదు. వడ్డీ లేని ఋణము తండ్రి యిచ్చును, అన్న యిచ్చును. అంగడివా డేల యిచ్చును? క్రెడిటు కార్డులపై చూపు సున్న వడ్డీ పథకములలో వడ్డీని తరచుగా రుసుముల రూపమున మఱుగుపరచుచున్నారనియు, సున్న వడ్డీ యనున దసలు లేనే లేదనియు రిజర్వు బ్యాంకే 2013 సెప్టెంబరులో బ్యాంకులకు తెలియజేసెను. రొక్కమిచ్చువానికి దక్కు తగ్గింపును వాయిదావానికి లేకుండ చేసిన, ఆ తగ్గింపే వడ్డీ. పేరు మార్చినంత మాత్రమున పాము త్రాడగునా?

ఈ మార్గమున చివరి మజిలీ యెట్లుండునో మనవారు చూడకపోలేదు. సూక్ష్మఋణ సంస్థల వసూళ్ల బాధలు భరింపరానివై, 2010 అక్టోబరులో ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ప్రత్యేక శాసనమునే తేవలసి వచ్చెను. పది సంవత్సరములు గడిచినవి. 2020 డిసెంబరునాటికి ఆ బాధయే ఫోనులలో ప్రవేశించెను. అయిదు వేలు ఋణమని చెప్పి, రుసుములు ముందే కోసికొని మూడున్నర వేలు చేతిలో పెట్టి, వారము దినములలో అయిదు వేలు తెమ్మనుట ఆ యాపుల వర్తకపు తీరు. ఆలస్యమైనచో ఋణస్థుని ఫోనులోని బంధుమిత్రుల సంఖ్యలకెల్ల అవమానపు సందేశములు పంపిరి. తెలంగాణలో కొందరు ప్రాణములే తీసికొనిరి. హైదరాబాదులో పోలీసులు పలువురిని నిర్బంధించిరి. ఋణమిచ్చు ఆపులు ఫోనులోని పేర్ల పట్టికను, చిత్రములను ముట్టరాదని 2022లో రిజర్వు బ్యాంకు నిబంధన చేసెను. నిబంధన మంచిదే. కాని చనిపోయినవారిని చంపినది ఋణ మొక్కటియే కాదు. ఇంటిలో చెప్పుకొనలేని ఋణము. తల్లితోనో భార్యతోనో ముందే చెప్పియున్న, ఆ సందేశములు వచ్చిననాడు వారికి తోడొక మనిషియైన నుండెడిది.

ఇచ్చట మాకు వచ్చెడి యాక్షేపణములను దాచము. "ఫోను లేనిదే నేడు చదువు లేదు, 2020లో బడులు మూతపడినప్పుడు పాఠములు దానిలోనే కదా వచ్చినవి?" అని యొకరందురు. నిజమే. చదువు చెప్పు పనిముట్టును, కూలి తెచ్చు పనిముట్టును మేము నిందింపము. కుట్టుమిషనును వాయిదాలపై కొనిన స్త్రీ ఆ మిషనుతోనే వాయిదాలు తీర్చుకొనును. కాని పిల్లవాని చదువునకు పండ్రెండు వేల ఫోను చాలునని తెలిసియు, తోడివారి చేతిలోనిది చూచి ఇరువదినాలుగు వేలది కొనుటలో, పై పండ్రెండు వేలు చదువునకా, చూపునకా? మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగనూనె యను సామెత మన తాతలు మనకొఱకే చెప్పిపోయిరి.

"వాయిదాలు లేనిచో మావంటివారి కే వస్తువును దక్కదు" అని వేఱొకరందురు. ఈ మాటలోని దైన్యమును మేమెరుగుదుము. కాని నెలకు 2,240 రూపాయలు పండ్రెండు నెలలు కట్టగలవాడు, అదే 2,240ని పదునొకండు నెలలు బ్యాంకులో రికరింగు డిపాజిటుగా దాచిన 24,640 అగును. వడ్డీ పైగా వచ్చును. కట్టు శక్తి యున్నవానికి దాచు శక్తి లేదనుట తర్కమునకు నిలువదు. లేనిది శక్తి కాదు, ఓర్పు. జీతము చాలనివాని మాట వేఱు. వానికి కావలసినది జీతము గాని వాయిదా కాదు. తక్కువ జీతమను పుండునకు వాయిదా యను పట్టీ కట్టి, మాన్పితిమని యజమానులును వర్తకులును చెప్పుకొనుటను మేమంగీకరింపము.

మరి చేయవలసిన దేమి? మొదటిది, మన హక్కును మనమడుగుట. 2024 అక్టోబరు 1వ తేదీనుండి మంజూరగు గృహస్థుల ఋణములకు, బ్యాంకులును ఋణసంస్థలును వడ్డీ, రుసుములు అన్నియు కలిపిన అసలైన వార్షిక రేటును చూపు ముఖ్యవిషయ పత్రమును ముందుగానే యీయవలెనని రిజర్వు బ్యాంకు ఆదేశించినది. అది ఋణస్థునికి తెలిసిన భాషలో నుండవలెననియు నందే కలదు. దీనిని తెలుగులో నిమ్మని యడిగినవారు మనలో నెందరు? మేమడుగలేదు. అడుగనివానికి హక్కు లక్కపిడతవంటిది. ఆటకే గాని వంటకు రాదు.

రెండవది యింతకంటె ముఖ్యము. ఇంటి లెక్క యింటివారందఱి యెదుట నుండవలెను. భర్త సంపాదించుచు, భార్య సంపాదింపకపోయినను, లెక్క యిద్దఱిది. ఎదిగిన బిడ్డలకును తెలియవలెను. తెలిసిన బిడ్డ ఖరీదైన ఫోను నడుగుటకు తానే సంకోచించును, తెలియని బిడ్డ తండ్రిని లోభి యనుకొనును. స్త్రీలకు విద్య కావలెనని మన సంస్కర్తలు తరతరములుగా వాదించిరి. చదువుకొనిన స్త్రీకి ఇంటి ఋణపత్రమును చూపని పురుషుడు ఆ వాదమున కెదుటిపక్షమువాడే.

మా యింట నిప్పుడొక సామాన్యపు నోటుపుస్తకము గలదు. ప్రతి నెల మొదటి ఆదివారము నలుగురము కూర్చుండి వాయిదాలన్నియు గట్టిగా చదువుకొందుము. మొదటి నెల మా గొంతు పెగలలేదు, ఇప్పుడు పెగలుచున్నది. ఏసీ యంత్రము గోడపై నున్నది. మా తల్లికి నిద్రయు పట్టుచున్నది. గాజులు మాత్ర మింకను విడిపింపబడలేదు. ఆ పద్దు మొదటి పుటలో మొదటి పంక్తిగా నున్నది. అది తీరువఱకు మరి యే వాయిదాయు పుస్తకమున కెక్కరాదని మా కుమార్తె తన చేవ్రాతతో ప్రక్కన వ్రాసినది.

చదువరులారా! రేపు మీరంగడికి పోయినప్పుడు "నెలకెంత?" అని నాలుక చివరకు వచ్చును. దాని నాపి "మొత్తమెంత?" అని యడుగుడు. ఇంటికి వచ్చి, ఎవరును అడుగకముందే ఆ మొత్తమును చెప్పుడు.